అట్ట చిరిగిన నవల

టీనేజీ పిల్లలు ఏ నవలలు చదవాలో చెప్పండి మేడమ్ అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్లు మండుతుంది. చదవనిస్తే కదా! పదో తరగతి అయ్యీ అవ్వగానే పిల్లల్ని హాస్టళ్లలో పడేసి, మళ్లీ నాకు ఫోన్ చేసి మంచి నవలలు చెప్పండి అంటారు. అయినా చెబుతాను. తిట్టుకుంటూనే చెబుతాను. యూనివర్సిటీలో తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని, నవలల మాటెత్తితే నా నోరు ఆగదు.

ఆ చలికాలంలో ఒక పిల్లల మాసపత్రిక మూడు రకాల నవలల మీద వ్యాసం రాయమంది. చారిత్రకం, ఫాంటసీ, డిస్టోపియా. డిస్టోపియా అంటే లోకం పాడైపోయి, మనుషుల్ని నంబర్లు చేసి ఆడించే ఊళ్ల కథలు. ఈ మూడింటికీ నా దగ్గర మూడు పరీక్షలున్నాయి. చారిత్రక నవలైతే, రాజుల సంగతి తర్వాత, అందులో ఎవరైనా అన్నం వండుతున్నారా అని చూస్తాను. పొయ్యి వెలగని కోట నాకొద్దు. ఫాంటసీ అయితే మాయ ఊరికే రాకూడదు, చేసినవాళ్లు ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. చిటికేస్తే అన్నీ అయిపోయే కథ పిల్లలకే విసుగు. డిస్టోపియా రాసేవాడు ఎంత చీకటైనా రాసుకోనీ, ఎక్కడో ఒక కిటికీ తెరిచి పెట్టాలి. కిటికీ లేని పుస్తకాన్ని పదహారేళ్ల పిల్ల చేతిలో పెట్టను గాక పెట్టను.

నా ఈ కిటికీ గోల మా అక్క కూతురికి కంఠతా వచ్చు. చిన్నప్పటి నుంచీ సెలవులకు తార్నాకలోని నా ఫ్లాటుకు వచ్చి, బీరువాలో పుస్తకాలన్నీ నమిలేసిన పిల్ల అది. మా బావకు జిల్లాలో పత్తి చేను, ఎరువుల దుకాణం. కూతుర్ని డాక్టర్ని చెయ్యాలని పట్టుబట్టి ఒక కోచింగ్ కాలేజీ హాస్టల్లో వేశాడు. అదీ ఎక్కడ? తార్నాకలోనే, మా ఇంటికి రెండు సందుల అవతల.

"నా దగ్గర ఉంచు బావా, రోజూ నడిచి పోతది," అని బతిమాలాను.

"నీ ఇంట్ల ఉంటే నవలలు సదువుకుంట కూసుంటది," అన్నాడు.

ఆ ముక్క అబద్ధమని నేనూ అనలేకపోయాను. లోకల్ గార్డియన్ అని కార్డు మీద నా ఫొటో అంటించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. ఆదివారం డబ్బాలో కోడికూర పెట్టుకుని పోతే, కాలేజీ ముందు చాపలు పరుచుకుని కూర్చున్న తల్లిదండ్రుల మధ్య మాకూ ఇంత జాగా దొరికేది. రెండో ఏడాది దసరా తర్వాత పిల్లల్ని వేరే బిల్డింగుకు మార్చారు. పరీక్షలయ్యేదాకా విజిటింగ్ బంద్ అన్నారు. ఇక మిగిలింది ఫోనొక్కటే. అది వార్డెన్ బల్ల మీద ఉంటుంది, స్పీకర్ పెట్టి ఉంటుంది, వెనక మాట్లాడాల్సిన పిల్లలు లైను కట్టి ఉంటారు. హాస్టల్ గురించి చెడుగా ఒక్క మాటన్నా, ఏడ్చినా, కట్ చేసేస్తారు. అదీ వాళ్ల రూలు.

కొత్త బిల్డింగు నుంచి మొదటిసారి చేసినప్పుడు, "చిన్నమ్మా, నాకు గీడ..." అని ఏడుపు అందుకుంది. టక్కున లైను పోయింది. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. అక్కకు చెబితే ఆమె గాబరా పడింది. బావ వెనక నుంచి, "అలవాటైతది తియ్, అందరి పిల్లలు ఉంటలేరా?" అని అరిచాడు. ఆ రోజు నుంచి నాకు ఒకటే భయం పట్టుకుంది. ఈ చదువు అయ్యేలోపు ఈ పిల్ల ఏమైపోతుందో అని.

తర్వాత చేసినప్పుడు గొంతు మారిపోయింది. హుషారుగా ఉంది, మరీ హుషారుగా. పత్రికకు రాస్తున్న వ్యాసం సంగతి చెప్పగానే అందుకుంది.

"చిన్నమ్మా, నీ వ్యాసానికి నా దగ్గర ఒక నవల ఉన్నది. స్కూల్ల ఉన్నప్పుడు సదివిన. డిస్టోపియా."

"పేరేందే?"

"అట్ట చిరిగిపోయింది. చివరి పేజీలు గూడ లెవ్వు. యాదికొచ్చినంత చెప్త."

హమ్మయ్య అనుకున్నాను. కథ చెప్పే ఓపిక ఉందంటే పిల్ల కుదుటపడ్డట్టే కదా!

అట్లా ఆ నవల మొదలైంది. ఆ కథలో ఒక ఊరుంది. అక్కడ ఎవరికీ పేర్లుండవు, మంచం నంబర్లే. తెల్లవారకముందే మెట్ల దగ్గర గంట కొడతారు. అందరూ లేచి గింజలు ఏరాలి. వారం వారం ఎవరి గింజలు వాళ్లు లెక్క చూపించాలి. ఎక్కువ ఏరినవాళ్లు పై అంతస్తుకు, తక్కువ ఏరినవాళ్లు కింది అంతస్తుకు. అన్నిటికన్నా కిందిది గోదాము. గోదాములోకి దిగినవాళ్లతో పైవాళ్లు మాట్లాడకూడదు. తలుపులన్నీ తాళాలామె చేతిలో ఉంటాయి.

"తాళాలామె మంచిదా చెడ్డదా?" అని ఒకసారి మధ్యలో వేరే గొంతు అడిగింది. వార్డెన్! ఆమె కూడా చెవులు రిక్కించి వింటోందన్నమాట. నాకు నవ్వొచ్చింది.

"మంచిదే మేడమ్," అంది మా పిల్ల. "ఆమె గూడ తాళం లోపల్నే ఉంటది గదా."

"అయ్యో పాపం," అంది వార్డెన్.

నాకు ఆ నవల నచ్చడం మొదలైంది. మరీ చీకటిగా ఉంది, కిటికీ ఎక్కడా కనపడటం లేదు, ఆ మాట దానితోనూ అన్నాను. కానీ రాసినవాడికి కన్ను ఉంది. ఒకసారి అది ఏం చెప్పిందంటే, ఆ ఊరి మొత్తానికి ఒకటే చెట్టు, దానికి ఒక్క దిక్కే కొమ్మలుంటాయట.

"ఒక్క దిక్కే ఎందుకే?"

"రెండో దిక్కు మనుషులున్నరు గదా చిన్నమ్మా."

"అబ్బ! ఏం రాశిండే మహానుభావుడు!" అని ఫోన్లోనే కేక పెట్టాను.

ఇక ఆ పుస్తకం కోసం వేట మొదలెట్టాను. క్యాంపస్ లైబ్రరీలో అనువాదాల అరలన్నీ దుమ్ము దులిపాను. తుమ్ములొచ్చాయి గానీ పుస్తకం రాలేదు. ఇంగ్లీషు డిపార్టుమెంటు వాళ్లని క్యాంటీన్లో చాయ్ దగ్గర పట్టుకుని అడిగాను. ఒక్క దిక్కే కొమ్మలున్న చెట్టా, ఎక్కడా చదవలేదే అన్నారు. చదవని పుస్తకం ఉందని ఇంగ్లీషు వాళ్లు ఒప్పుకోవడమే వింత. అడిక్‌మెట్‌లో పాత పుస్తకాలు అమ్మే చోట కూడా వెతికాను. పత్రికాయన ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. చారిత్రకం అయిపోయింది, ఫాంటసీ అయిపోయింది, ఈ నవల దొరికితే డిస్టోపియా రాసి పడేస్తానని చెప్పాను.

కథలోకి తర్వాత పక్క మంచం పిల్ల వచ్చింది. కథ చెప్పే పిల్లకు ఆమె ఒక్కతే స్నేహితురాలు. పాటలు పాడేది, మానేసింది. అన్నం పళ్లెం ముందు పెట్టుకుని కూర్చుంటుంది, తినదు. వారం వారం ఒక్కో అంతస్తు దిగుతూ గోదాము దాకా వచ్చింది, పడుకునేది మాత్రం ఆ పక్క మంచం మీదే. ఒక ఆదివారం మా పిల్ల ఇలా చెప్పింది.

"ఆ పిల్ల తన సామాన్లు అందరికీ ఇచ్చేస్తున్నది చిన్నమ్మా. క్లిప్పులు ఒకలకి, స్వెట్టర్ ఒకలకి. నాకేం వద్దు, మీరు ఉంచుకోండ్రి అంటున్నది. నవ్వుకుంట ఇస్తున్నది."

నేను అప్పుడు వంటింట్లో ఉన్నాను. చెంబు కింద పెట్టి, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. "అయితే రాసినోడు ఆమెను చంపబోతున్నడే. పాత్ర తన వస్తువులు పంచిపెడుతుందంటే అదే గుర్తు. పాత ఎత్తే."

వెనక లైన్లో పిల్లల దగ్గు కూడా వినపడలేదు.

"చంపుతడా?"

"అట్లనే ఉంది మరి."

"సదివేటోళ్లు ఆపలేరా చిన్నమ్మా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! సదివేటోళ్లు ఎట్ల ఆపుతరే?" అని నవ్వాను.

"టైమ్ అయిపోయింది," అంది వార్డెన్. ఫోన్ పెట్టేశారు.

మూడు రోజులైనా కాకముందే కాలేజీ ఆఫీసు నుంచి కబురొచ్చింది, పిల్ల కళ్లజోడు విరిగింది, కొత్తది చేయించి గేటు దగ్గర ఇచ్చి పోండని. చౌరస్తాలో చేయించి, పొద్దున్నే క్లాసుకు వెళ్లే ముందు అటు నడిచాను. ఆ కొత్త బిల్డింగు నేనెప్పుడూ చూడలేదు. పాత అపార్టుమెంటుకు నిండా గ్రిల్సు బిగించారు, గేటుకు పైదాకా రేకు కొట్టారు. వాచ్‌మన్‌కు కళ్లజోడు ఇస్తుండగా నీళ్ల ట్యాంకర్ వచ్చింది. గేటు బార్లా తెరిచారు.

లోపల ఒక వేపచెట్టుంది. మేడ వైపు కొమ్మలన్నీ మొదలంటా నరికేశారు, పిల్లలు డాబా మీద నుంచి పట్టుకుని దిగిపోకుండా. రోడ్డు వైపు మాత్రం గుబురుగా ఉంది. ఒక్క దిక్కే కొమ్మలు.

నవలా లేదు, గివలా లేదు. రాసిన మహానుభావుడెవడూ లేడు. గింజలంటే మార్కులు. అంతస్తులంటే ప్రతి వారం టెస్టు అయ్యాక మార్చే సెక్షన్లు. స్పీకర్ పెట్టిన ఫోన్లో ఏడవడానికి వీల్లేక, మా పిల్ల తన కష్టమంతా కథ చేసి నాకు చెప్పింది. అట్లయితే పక్క మంచం పిల్ల? ఆ ఆలోచన రాగానే ట్యాంకర్ పక్క నుంచి లోపలికి పరుగెత్తాను. వాచ్‌మన్ "మేడమ్, మేడమ్" అని వెంటపడ్డాడు. "నన్ను ఆపినవంటే చూడు!" అని అరిచాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను.

వార్డెన్ ఆ అరుపుకే బయటికొచ్చింది. పట్టుమని పాతికేళ్లుండవు, చేతిలో తాళాల గుత్తి. నా గొంతు గుర్తుపట్టి ముఖమంతా నవ్వు చేసుకుంది.

"మీరే గదా నవల మేడమ్! చివరికి ఏమైందో దొరికిందా?"

ఏమనాలి ఆ అమ్మాయిని? చెంప పగలగొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

"మా పిల్ల పక్క మంచం మీద ఎవరు పడుకుంటరు? ఆ పిల్ల ఎక్కడుంది?"

"టెస్ట్ రాస్తున్నది. ఎందుకు మేడమ్?"

ఉందన్నమాట. ఊపిరి పీల్చుకుని చెప్పాను. "అది నవల కాదమ్మా. గోదాము మీ కింది సెక్షను. చెట్టు అదిగో. తాళాలామెవు నువ్వు. ఆ పక్క మంచం పిల్ల అన్నం తింటలేదు, తన సామాన్లు పంచిపెడుతున్నది. ఎందుకో నీకు తెలుస్తలేదా?"

ఆమె నవ్వు అట్లాగే ఉండిపోయి, నెమ్మదిగా పోయింది. తన ఎడమ చేతి వైపు చూసుకుంది. చిన్న ఆడపిల్లల వాచీ, గులాబీ రంగు పట్టీ.

"నాకు గూడ ఇచ్చింది మేడమ్," అంది. "మొన్న. వద్దన్నా ఇనలే. నేను కథనే అనుకున్న. ఒట్టు మేడమ్, కథనే అనుకున్న."

మేనేజ్‌మెంటుకు చెప్పకుండా ఇంటివాళ్లకు ఫోన్ చేస్తే నా ఉద్యోగం ఉండదు అంటూనే, బల్ల మీది ఫోన్ తీసి ఆ పిల్ల ఇంటికి తనే చేసింది. స్పీకర్ పెట్టలేదు.

ఆ పిల్ల వాళ్లది ఎంత దూరమనుకున్నారు? సీతాఫల్‌మండి. ఆటోలో ఇట్టే వచ్చేశారు. తండ్రి ప్లంబింగ్ పని చేస్తాడు, పనిలోంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, మోకాళ్ల దాకా తడి. తల్లి మెడలో చిన్న సిలువ గొలుసు. ఇంట్లో ఒకటే గది, చదువుకోడానికి జాగా లేదని ఇక్కడ వేశామని ఆమె నాకు సంజాయిషీ చెప్పుకోబోయింది. "నాకెందుకు చెప్తవమ్మా, మా పిల్లది గూడ గదే కథ," అన్నాను.

టెస్టు మధ్యలోంచి పిల్లను తీసుకొచ్చారు. సన్నగా, రెండు జడలు బిగించి కట్టుకుని, పెన్ను మూత పెట్టకుండా అట్లాగే పట్టుకుని వచ్చింది.

"బిడ్డా, ఇంటికి పోదాం దా," అంది తల్లి.

"టెస్ట్ సగంల ఉన్నదమ్మా."

"ఉండనియ్."

ఆ పిల్ల తల్లి ముఖంలోకి చూసింది, నిజంగానే అంటోందా అన్నట్టు. తర్వాత తల్లి భుజం మీద తల పెట్టి ఒక్కసారిగా కూలబడిపోయింది. ఇద్దరూ నేల మీదే కూర్చుండిపోయారు. తండ్రి ఏం చెయ్యాలో తెలియక, పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

అప్పటికి మా పిల్ల మెట్ల మీదికి వచ్చింది. విరిగిన కళ్లజోడుకు దారం కట్టుకుని ఉంది. నా దగ్గరికి రాలేదు. ముందు అడిగింది ఒకటే.

"ఆమెను తీస్కపోతున్నరా?"

"తీస్కపోతున్నరు."

అంతే, మెట్ల మీద కూర్చుని బావురుమని ఏడ్చింది. ఎన్ని నెలల ఏడుపో అది! నేను పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయాను. ఆ రోజు నా క్లాసు నేను చెప్పలేదు. గార్డియన్ కార్డు మీద ఉన్న నా ముఖం ఇప్పుడైనా పనికొస్తుందని, సంతకం పెట్టి మా పిల్లను నా ఇంటికి తెచ్చేసుకున్నాను. ప్రిన్సిపాల్ ఫోన్లో రూల్సు చెప్పాడు. నేను నోటికొచ్చింది చెప్పాను.

మర్నాడు బావ దిగాడు. "పరీక్షల ముందర పిల్లను ఎత్కొస్తవా? దాని జిందగీ ఖరాబ్ చేస్తున్నవ్!" అని గుమ్మంలోంచే మొదలెట్టాడు. నేనూ ఊరుకోలేదు, కింది ఫ్లాటు వాళ్లు తలుపు తీసి చూసేదాకా అరుచుకున్నాం. చివరికి మా పిల్లే, "నాన్నా, కూసో," అంది. ఆ నవలంతా మొదటి నుంచీ చెప్పింది. ఈసారి గింజల్లేవు, తాళాలామె లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అయిపోయాక బావ లేచి బాల్కనీలోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. అక్కడి నుంచి చూస్తే ఆ బిల్డింగు నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది.

"రోజూ నడిచి పోనియ్," అన్నాడు లోపలికొచ్చి. "ఇంక అన్ని హాస్టళ్లు గిట్లనే ఉన్నయా?"

వార్డెన్‌ను తీసేశారని విన్నాను, ఆ ఒక్క ఫోన్ చేసినందుకు. అధికారులకు ఫిర్యాదు ఇస్తే విచారిస్తామన్నారు. ఆ లైన్లో నిలబడ్డ మిగతా పిల్లలు అక్కడే ఉన్నారు. ఆ సందులోంచి పోవాల్సి వస్తే నేను చుట్టూ తిరిగి మెట్రో స్టేషన్ వైపు నుంచి పోతున్నాను, ఆ రేకు గేటు చూడలేక.

పత్రికాయన డిస్టోపియా ఏదని మళ్లీ అడిగాడు. రాయనన్నాను. మా పిల్లను, నీకేం పుస్తకం కావాలే అని బీరువా తెరిచి అడిగితే, "పాతకాలందియ్ చిన్నమ్మా," అంది. "అండ్లున్నోళ్లందరు ఎప్పుడో పోయినోళ్లే ఉండాలె. ఎవలికేమైతదో అని పరేషాన్ ఉండదు." పొయ్యిలు బాగా వెలిగే చారిత్రక నవల ఒకటి తీసి ఇచ్చాను. రెండు రోజుల్లో నమిలేసి, దీన్ని సీతాఫల్‌మండికి తీసుకుపోదామంది.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. ఆ ఒకటే గదిలో గోడవారగా మంచం, మంచం మీద ఆ పిల్ల. జడలు వదులుగా వేసుకుంది. కొంచెం తింటోందని, రాత్రిళ్లు మాత్రం ఇంకా లేచి కూర్చుంటోందని, డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నామని తల్లి మెల్లగా చెప్పింది. మా పిల్ల పుస్తకం ఇచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, నా వైపు చూసింది.

"మీ గొంతు నాకు తెలుసు ఆంటీ. ఫోన్ దగ్గర లైన్ల నేను గూడ ఉంటుంటి. మా అందరికి తెలుసు అది నవల కాదని. వార్డెన్ మేడమ్‌కు, మీకు తెల్వది, అంతే."

ఆ ఆదివారం నేనన్న మాట ఈ పిల్ల చెవిన పడింది! రాసినోడు ఆమెను చంపబోతున్నడు అని, చెంబు కింద పెట్టి మరీ అన్న మాట!

"ఆ పిల్ల సచ్చిపోతదన్నరు మీరు," అంది.

"అన్న బిడ్డా."

"మీరన్నది తప్పైంది గదా ఆంటీ?"

ముప్పై ఏళ్లుగా నవలల గురించి మాట్లాడుతున్నాను, తప్పన్నవాళ్లతో దెబ్బలాడటమే నాకు అలవాటు. ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"అవును బిడ్డా. నేనన్నది తప్పు," అన్నాను.

ఆమె తల ఊపి, దిండు సర్దుకుని, మొదటి పేజీ తీసింది.